పార్క్ ఫేసింగ్

(ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాదులోని ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడుకి నా గొంతు తట్టుకోలేదు, కాస్త ముందుకు జరగండి. మన సభల్లో ముందు కుర్చీలు ఎప్పుడూ ఖాళీయే.

ఇవాళ్టి విషయానికి తెలుగులో మాట లేదని నిర్వాహకులు కంగారుపడ్డారు. కరపత్రంలో ఏం వెయ్యాలో తెలీక 'పార్కులు, పేదలు' అని వేశారు. ఫర్వాలేదు. ఇంగ్లీషులో దీన్ని జెంట్రిఫికేషన్ అంటారు. 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త లండన్ గురించి రాస్తూ ఈ మాట పుట్టించారు. కార్మికులుండే పాత ఇళ్లను డబ్బున్నవాళ్లు ఒక్కొక్కటిగా కొని బాగుచేసుకుంటారు. కొన్నాళ్లకు ఆ వాడలో కార్మికుడన్నవాడే మిగలడు. జెంట్రీ అంటే దొరలనుకోండి. దొరలు దిగడమన్నమాట.

మాట లేదన్నాను గానీ, మనకీ ఒకటుంది. 'ఏరియా డెవలప్ అయింది' అంటాం. ఇంటి ఓనరు ఆ మాట అంటున్నప్పుడు ముఖం చూడండి. అదే మాట కిరాయిదారు నోట, సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు వినండి. 'ఏరియా డెవలప్ అయిందండీ, మేం వెళ్లిపోతున్నాం.' రెండూ అవే మాటలు.

ముందు నా సొంత కథ చెప్తాను. పెళ్లయిన కొత్తలో మేం ఒక కుంట పక్కన కిరాయికి ఉండేవాళ్లం. ఏ కుంటో చెప్పను. మా ఓనరుగారు ఇంకా అక్కడే ఉన్నారు, మంచివారు కూడా. రెండు గదులు, ఒక వంటిల్లు, పైన రేకులు. కిరాయి 3,500. కుంటంటే తామరపూలు ఊహించుకునేరు. నిండా గుర్రపుడెక్క, సాయంత్రమైతే దోమలు, వానాకాలం వాసన. ఇంటికి చుట్టాలొస్తే మా ఆవిడ ముందు చేసే పని కుంట వైపు కిటికీ మూసెయ్యడం. ఆ కిటికీ వల్లే మాకు కిరాయి తక్కువ. ఆ వాసనే మాకు కన్సెషను. ఇది కాస్త గుర్తుంచుకోండి.

కుంట బాగుచేయమని అర్జీ పెట్టాం. రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాకు అప్పజెప్పారు. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను. ఆ సంతకాల్లో సగం కిరాయిదార్లవే. అలా నాలుగేళ్లు తిరిగాక పొక్లెయిన్ దిగింది. గుర్రపుడెక్క తీశారు, మురుగు పైపు మళ్లించారు, కట్ట పోశారు. కట్ట మీద నడకదారి, గానుగ చెట్లు, నడుమ ఒక ఫౌంటెన్. ప్రారంభోత్సవం రోజు మేమూ వెళ్లి ఫొటో దిగాం. మర్నెల ఓనరుగారు గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పకుండానే చెప్పారు: 'బాబూ, ఈ అగ్రిమెంటు అయిపోయాక ఆరు వేలు అనుకుంటున్నాం. ఇప్పుడు పార్క్ ఫేసింగ్ కదా.'

(నవ్వులు)

మూసిపెట్టుకున్న కిటికీ కాస్తా ఫేసింగ్ అయింది. ఆ మరుసటేడు ఆ రేకులు కూడా తీసేసి నాలుగంతస్తులు వేశారు. అర్జీ రాసిన చేత్తోనే నేను సామాన్ల అట్టపెట్టెల మీద పేర్లు రాసుకున్నాను.

ఓనరుగారిని తప్పుపట్టను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్నేమో. పైగా నాకు నెల జీతం ఉంది, రెండు కిలోమీటర్ల అవతల ఇంకో వాటా దొరికింది. పక్క వాటాలో ఇస్త్రీ చేసే ఆయన ఉండేవాడు. ఆయనకు ఆ దగ్గర్లో ఇల్లు దొరకలేదు. ఇస్త్రీ బండిని తోసుకుంటూ ఎక్కడికైనా పోవచ్చు గదా అనుకుంటాం. కానీ ఆయన గిరాకీ అంతా రెండు గల్లీల్లో ఉంది. ఏ ఇంటివాళ్లు చీరకి గంజి అడుగుతారు, ఎవరు పండక్కి గానీ డబ్బులివ్వరు, ఎవరింట్లో తాళం పక్కింట్లో ఉంటుంది, ఇదంతా ఆయన పెట్టుబడి. కొత్త ఏరియాలో అది సున్నా నుంచి మొదలవుతుంది.

ఇంకో లెక్క చూడండి. ఒక పార్కు అనుకున్నప్పటి నుంచి తయారయ్యేదాకా రెండేళ్లు, మూడేళ్లు పడుతుంది. మన కిరాయి అగ్రిమెంటు 11 నెలలు. ఏడాది దాటితే రిజిస్ట్రేషను చెయ్యాలి కాబట్టి దేశమంతా ఎక్కువగా 11 నెలలే రాసుకుంటుంది. అంటే పార్కుకి శంకుస్థాపన జరిగే రోజు చేతిలో ఉన్న కాగితం, ప్రారంభోత్సవం నాటికి ఉండదు. పార్కు ఎవరి కోసమని అప్పుడు చెప్పారో, రిబ్బను కట్ చేసేటప్పటికి వాళ్లుంటారన్న పూచీ ఎవరి దగ్గరా లేదు. నేను చెప్పదలుచుకున్నదంతా నిజానికి ఇంతే. చెట్టు మీద నాకు కోపం లేదు, చెట్టు కంటే ముందు నాటాల్సింది ఇంకొకటి ఉందంటాను. దాని గురించి తర్వాత మాట్లాడదాం.

ఈలోగా మీరు ఇంటికెళ్లే దారిలో ఏదైనా చెరువు పార్కు దగ్గర ఆగి, గేటు పక్కన బోర్డు చదవండి. నాకు ఆ బోర్డులు చదివే పిచ్చి ఉంది. 'బట్టలు ఉతకరాదు. పశువులను కడగరాదు. చేపలు పట్టరాదు. తినుబండారాలు అమ్మరాదు. క్రికెట్ ఆడరాదు. పడుకోరాదు.' అవన్నీ అక్కడ ఎవరో చేస్తుండబట్టే రాశారు. ఒక్కో 'రాదు' వెనక ఒక మనిషి. చాకలి, గేదెలు కాసేవాడు, వల వేసే ముదిరాజో గంగపుత్రుడో, మిరపకాయ బజ్జీల బండామె, స్కూలు లేని పిల్లలు, మధ్యాహ్నం చెట్టుకింద కునుకు తీసే మేస్త్రి. ఆ బోర్డు చదివితే అంతకుముందు ఆ కట్ట మీద ఎవరెవరు బతికారో జాబితా దొరుకుతుంది. దాని కింద టైమింగ్స్: పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8. ఎండ మండే వేళ, నీడ అందరికంటే ఎక్కువ కావలసినవాడికి గేటుకి తాళం.

సరే, ఇది మన దగ్గరే జరిగే వింత కాదు. ఈ విషయం మీద ప్రపంచంలో ఎక్కువగా రాసింది న్యూయార్క్‌లోని హై లైన్ గురించి. మన తెలుగువాళ్లు అమెరికా వెళ్తే అక్కడ ఫొటో దిగకుండా రారు. మీలో కొందరి ఫేస్‌బుక్‌లో నేనే చూశాను. అదొక పాత గూడ్సు రైలు లైను. 1934లో మొదలైంది. మాన్‌హాటన్ పశ్చిమాన రోడ్ల మీదుగా, గాల్లో, గోదాముల మధ్య నుంచి పోయేది. 1980లో ఆఖరి బండి వెళ్లింది. మూడు వాగన్ల నిండా గడ్డకట్టిన టర్కీ కోళ్లట. తర్వాత పట్టాల మీద గడ్డి మొలిచింది, పిచ్చి పూలు పూశాయి. కింద స్థలాలున్నవాళ్లు కూల్చెయ్యమని పట్టుబట్టారు. 1999లో ఒక కాలనీ మీటింగులో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు, జాషువా డేవిడ్, రాబర్ట్ హామండ్, దీన్ని కాపాడదామని సంఘం పెట్టారు. 2009లో మొదటి భాగం తెరిచారు. ఇప్పుడు దాదాపు 2.3 కిలోమీటర్ల పొడవున గాల్లో తోట.

కూల్చమన్న స్థలాల వాళ్లు ఎందుకు ఒప్పుకున్నారో చూడండి, కథ అక్కడుంది. 2005లో నగరం ఆ ప్రాంతానికి జోనింగ్, అంటే ఎక్కడ ఏం, ఎంత కట్టుకోవచ్చన్న నియమాలు, మార్చింది. లైను కింద ఉన్న స్థలంలో కట్టుకోలేని అంతస్తుల హక్కును దగ్గర్లోని ఇంకో స్థలానికి అమ్ముకోవచ్చంది. మన దగ్గర రోడ్డు వెడల్పులో స్థలం పోతే టీడీఆర్ అని, వేరే చోట కట్టుకునే హక్కు కాగితం ఇస్తారే, ఇంచుమించు అలాంటిదే. గాలి అమ్ముకోవచ్చనేసరికి నిన్నటిదాకా కూల్చమన్నవాళ్లు పార్కు కట్టమన్నారు. తెలివైన పనే, నేను మెచ్చుకుంటాను. కానీ ఆ టేబులు చుట్టూ ఎవరున్నారు? నగరం, స్థలాల యజమానులు, పార్కు ప్రేమికులు. కింద కార్లు రిపేరు చేసే షెడ్డువాడికీ, చిన్న కిరాణా కొట్టువాడికీ అమ్ముకోడానికి గాలి కూడా లేదు. వాళ్లది కిరాయి కాగితం. గ్యారేజీలు పోయి గాజు భవనాలు లేచాయి. పార్కుకి బాగా దగ్గరున్న ఇళ్ల ధర ఆ పార్కు వల్లే 35 శాతం దాకా పెరిగిందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది.

అక్కడే రెండు ప్రభుత్వ కాలనీలున్నాయి, ఫుల్టన్ హౌసెస్, ఇలియట్-చెల్సీ హౌసెస్. వేల మంది తక్కువ ఆదాయం వాళ్లు. వాళ్ల కిరాయి బజారు ధరని బట్టి ఉండదు. ఆదాయంలో 30 శాతం, అంతే. అందుకని పార్కొచ్చినా వాళ్లు కదల్లేదు. చుట్టూ కూరగాయల కొట్టు పోయి నాలుగు డాలర్ల కాఫీ కొట్టు వచ్చినా, ఇల్లు మాత్రం నిలిచింది. నా వాదనకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అదే పార్కు, అదే వీధి. కాగితం గట్టిగా ఉన్నవాడు ఉన్నాడు, లేనివాడు పోయాడు. ఇప్పుడు ఆ కాలనీలకీ కథ మొదలైంది. 2023లో వాటిని కూల్చి కొత్తగా కడతామన్న ప్రతిపాదన ముందుకొచ్చింది. పాతవాళ్లందరికీ కొత్త ఇల్లిస్తామనీ, మిగతా చోట బజారు కిరాయిల ఫ్లాట్లు వేస్తామనీ అంటున్నారు. జనం కొందరు నమ్మారు, కొందరు కోర్టుకెక్కారు.

ఆ హామండ్ గురించి ఒక మాట చెప్పాలి. పార్కు పెట్టిన మనిషే 2017లో ఒక ఇంటర్వ్యూలో, చుట్టుపక్కల వాళ్ల కోసం చేద్దామనుకున్నాం, ఆ పనిలో విఫలమయ్యామని ఒప్పుకున్నాడు. డిజైన్ ఎలా ఉండాలని జనాన్ని అడిగాం గానీ, మీకేం కావాలని అడగలేదన్నాడు. మన ఊళ్లో ఒక ప్రాజెక్టు ప్రారంభమైన ఎనిమిదేళ్లకి దాన్ని మొదలుపెట్టినవాడు ఇలా అనగా నేను వినలేదు. కొబ్బరికాయ కొట్టిన చేత్తో చెంపలేసుకోవడం మాటలు కాదు.

ఇప్పుడు మనకి దగ్గరి సంగతి. సియోల్. నవ్వుతున్నారు, అర్థమైందన్నమాట. 2024 అక్టోబరులో మన మంత్రులు, ప్రజాప్రతినిధులు, విలేఖరులు మూసీని ఎలా బాగుచెయ్యాలో చూడ్డానికి సియోల్ వెళ్లొచ్చారు. అక్కడ చూపించేవాటిలో ముఖ్యమైంది చోంగ్యేచోన్ అనే వాగు. ఊరి నడిబొడ్డున దాని మీద స్లాబు వేసి రోడ్డు, ఆ రోడ్డు మీద ఫ్లైఓవరు కట్టారు. 2003లో మేయరు ఇ మ్యోంగ్ బాక్ ఆ ఫ్లైఓవరు పీకించాడు. 2005 అక్టోబరుకల్లా 5.8 కిలోమీటర్ల వాగు బయటపడింది. ఆ మేయరే తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. ఫ్లైఓవరు పీకి వాగు తెస్తే ఓట్లు పడతాయని మన వాళ్లకి ఇంకా తెలీదు, ఇక్కడ ఫ్లైఓవరు కడితేనే పడతాయి.

అందమైన వాగు, కాదనను. వేసవిలో దాని పక్కన చల్లగా ఉంటుంది, చేపలొచ్చాయి, పక్షులొచ్చాయి. నీళ్లు ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లతో తెచ్చి పారిస్తారు, అది వేరే గోల. నాకు ఆసక్తి ఆ వాగు గట్టు మనుషుల మీద. వాగు పక్కన గల్లీల నిండా చిన్న చిన్న లేతు మిషన్ల షాపులు, పనిముట్ల కొట్లు, పాత పుస్తకాలు, పాత బట్టలు. మన రాణీగంజ్‌ని, ఆదివారం కోఠీని కలిపితే ఎలా ఉంటుందో అలా. ఆ గల్లీలన్నీ ఒక చుట్టు తిరిగితే జలాంతర్గామి కూడా తయారుచేసి బయటికి రావచ్చని సియోల్‌వాళ్లు గొప్పగా చెప్పుకునేవారు.

వాగు తవ్వేటప్పుడు రోడ్డు పక్క బండ్లవాళ్లని లేపారు. వాళ్లు కొట్లాడారు. చివరికి దగ్గర్లోని తోంగ్దేమున్ పాత స్టేడియంలో వందల మందికి చోటిచ్చారు. మైదానంలో గుడారాలు వేసుకుని సంత పెట్టుకున్నారు. గిరాకీ మెల్లగా అలవాటు పడుతోంది. అప్పుడు ఆ స్టేడియాన్ని కూల్చి డిజైన్ ప్లాజా, పక్కన పార్కు కడతామన్నారు. 2008లో మళ్లీ లేపి ఇంకో చోటికి పంపారు. కొట్లున్నవాళ్లకి ఊరి దక్షిణాన గార్డెన్ ఫైవ్ అనే పెద్ద సముదాయం కట్టించారు. కానీ అక్కడి షాపు ధర చూసి చాలామంది అడుగు పెట్టలేకపోయారు. ఇక 2018 చివర్లో, వాగుకి ఆనుకునే ఉన్న లేతు గల్లీలు కూల్చడం మొదలైంది. వాగు వల్ల భూమి ధర పెరిగింది. ఆ ధర ఇచ్చే పంట లేతు మిషను మీద పండదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మరీ చిత్రం. కొరియా యుద్ధం తర్వాత ఆ వాగు గట్టున గుడిసెలుండేవి. వాగు మీద రోడ్డు వేయడానికి ఆ గుడిసెలు తీసేసి, 1960ల చివర్లో జనాన్ని లారీల్లో ఊరవతలకి, ఇవాళ్టి సోంగ్నామ్ ఉన్నచోటికి తోలారు. పని లేదు, బస్సు లేదు, నీళ్లు లేవు. 1971 ఆగస్టులో వాళ్లు తిరగబడ్డారు. అంటే ఆ వాగుని మూసినప్పుడూ పోయింది పేదలే, తెరిచినప్పుడూ పోయింది పేదలే. మూసీ అన్న పేరు మనం పెట్టుకున్నాక ఈ మాట అనకుండా ఎలా ఉండేది.

(నవ్వులు)

మన మూసీకొద్దాం. ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టుంది, చూశారా? 1908 సెప్టెంబరు 28న వరదొచ్చినప్పుడు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. ఆ వరదలో పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. కాబట్టి నది పక్కన చెట్టు ఎందుకని నన్నెవరూ అడగక్కర్లేదు, నది కడుపులో ఇళ్లుంటే ప్రమాదం లేదని నేనూ అనను. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యగారు వచ్చారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. నది గట్టున తోటలు వెయ్యాలన్న ఆలోచన అప్పటిదే. గట్టున ఇరుకు బస్తీలు తీసెయ్యడమూ అప్పటిదే.

2024 సెప్టెంబరు ఆఖరున రెవెన్యూవాళ్లు చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ వైపు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసుకుంటూ పోయారు. నది గర్భంలో ఉన్నాయని గుర్తు. వాళ్లకి డబుల్ బెడ్‌రూం ఇళ్లిస్తామన్నారు. కొందరు వెళ్లారు, గట్టి గోడలున్న ఇల్లు దొరికిందని సంతోషపడ్డవాళ్లూ ఉన్నారు, అది దాచకూడదు. కొందరు గోడ మీద రంగు చెరిపేశారు. నేను ఆ రోజుల్లో రెండుసార్లు వెళ్లాను. ఒక ఇంటి గోడ మీద ఆ ఎర్ర అక్షరాల కిందే సున్నంతో వేసిన పాత రాత ఉంది: 'రూం కిరాయికి ఇవ్వబడును.' ఆ గోడనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. పై రాత ఓనరుతో మాట్లాడుతోంది. కింద రాత ప్రకారం లోపల ఇంకో కుటుంబం ఉంది. దానితో మాట్లాడేవాళ్లు ఎవరు?

అమెరికాకీ మనకీ తేడా ఇక్కడుంది. అక్కడ కిరాయి మెల్లగా తరుముతుంది, ఇక్కడ ముందు పొక్లెయిన్ వస్తుంది, మిగిలినవాళ్ల సంగతి కిరాయి చూసుకుంటుంది. అహ్మదాబాదులో సబర్మతి రివర్‌ఫ్రంట్ కోసం 10,000కు పైగా కుటుంబాలు కదిలాయి. వాళ్లు సంఘం కట్టి 2005లో హైకోర్టుకి వెళ్లబట్టి చాలామందికి ఇళ్లయినా దక్కాయి. ఆ ఇళ్లు ఎక్కువగా ఊరి అంచుల్లో. నది పక్కనుండి పాచి పనికి నడిచి వెళ్లే ఆమెకి, అక్కణ్నుంచి రెండు బస్సులు. ఇల్లు పెద్దదైంది, పని పోయింది.

ఇంతకీ చెట్టుకంటే ముందు నాటాల్సిందేమిటంటే, కాగితం.

మన చట్టాల్లో అది అసలు లేదనుకుంటాం గానీ, ఉంది. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అంటే ఎవరో రాశారు. ఓనరు ఒక్కడే కాదు. కౌలుదారు, కిరాయిదారు, చేతిపనివాడు, మూడేళ్లుగా అక్కడ పని చేసుకుని బతుకుతుంటే వస్తారు. పట్టణాల్లో మూడేళ్లకు తగ్గకుండా ఆ స్థలంలో ఉంటున్న కుటుంబమూ వస్తుంది. చిక్కెక్కడంటే, సర్కారు భూమి అన్నప్పుడు సేకరణే లేదంటారు. సేకరణ లేకపోతే ఆ చట్టం తలుపు తెరుచుకోదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. మీ కాలనీలో మిర్చి బండామెకి ఆ కార్డుందా, ఎప్పుడైనా అడిగారా? తెలంగాణలో 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రకారం 125 గజాల లోపు ప్రభుత్వ స్థలంలో ఇల్లేసుకున్న పేదలకి ఉచితంగా పట్టా ఇస్తామన్నారు. మరి చెరువు శిఖం, నాలా గట్టు అంటే ఆ తలుపూ మూసుకుంటుంది. ఒడిశా వాళ్లు 2017లో ఇంకో అడుగు వేశారు. చిన్న పట్టణాల మురికివాడల్లో ఉన్నవాళ్లకి ఉన్నచోటే భూమి హక్కు ఇచ్చే చట్టం చేశారు. అమ్ముకోడానికి లేదు, పిల్లలకి వస్తుంది. అమ్ముకోడానికి లేకపోవడమే దాని బలం. పక్కన పార్కొచ్చినా పెద్ద బిల్డరు చెక్కుబుక్కుతో రాలేడు.

వాషింగ్టన్‌లో ఒక పార్కు ఉంది. ఉంది అంటే, ఇంకా పూర్తి కాలేదు. అనకోస్టియా నది మీద పాత వంతెన స్తంభాల మీద కట్టేది, పేరు ఇలెవెంత్ స్ట్రీట్ బ్రిడ్జ్ పార్క్. ఒక ఒడ్డున డబ్బున్నవాళ్లు, ఇంకో ఒడ్డున తరతరాలుగా నల్లజాతి పేదలు. పార్కు వాళ్లు న్యూయార్క్‌ని చూసి భయపడ్డారు. వంతెన పని మొదలుకాకముందే, ఆ పేద ఒడ్డున ఇళ్ల కోసం ఒక ల్యాండ్ ట్రస్టు పెట్టించారు. భూమి ట్రస్టుది, ఇల్లు నీది. అమ్మితే పైకం పరిమితమే, తర్వాత వచ్చేవాడూ నీలాంటివాడే. కిరాయిదార్లకి హక్కులు చెప్పే తరగతులు, ఇల్లు కొనుక్కునేవాళ్లకి క్లబ్బు, ఇవన్నీ మొక్క నాటకముందు. ఇదంతా సరిపోతుందా లేదా అన్నది పార్కు తెరిచాక తేలుతుంది. నాకు నచ్చింది వరస. ముందు మనిషి, తర్వాత మొక్క.

బ్రూక్లిన్‌లో గ్రీన్‌పాయింట్ అని ఉంది. విషపు కాలువని శుభ్రం చెయ్యండి గానీ, షోకు చెయ్యకండి, ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఉండనివ్వండి అన్న పోరాటం అక్కడ జరిగింది. ఇద్దరు పరిశోధకులు దాన్ని 2012లో 'సరిపడేంత పచ్చదనం' అని పిలిచారు. నేను దీనితో సగమే ఏకీభవిస్తాను. పేదవాడికి కొంచెం చెట్లు చాలు, ఎక్కువైతే పోతాడు అని చెప్పడం నాకు మింగుడుపడదు. మా కుంట పక్క ఇస్త్రీ ఆయనకీ ఫౌంటెన్ నచ్చింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లేవాడు. తీసుకెళ్లింది ఒక్క ఎండాకాలమే.

2025 సెప్టెంబరులో అంబర్‌పేటలో బతుకమ్మ కుంట తెరిచారు. మట్టి, ముళ్లపొదలు నిండిన చోట మళ్లీ నీళ్లు. వెళ్లి చూశాను, నిజంగా సంతోషం వేసింది. తిరిగొస్తూ చుట్టు గల్లీల్లో కనబడ్డ టులెట్ బోర్డులన్నీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ఒకటి రెండు ఫోన్లు చేసి కిరాయిలు రాసుకున్నాను కూడా. మా ఆవిడ నాకు మతి పోయిందనుకుంది. రెండేళ్లయ్యాక మళ్లీ అదే గల్లీలు తిరుగుతాను.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ప్రశ్న: మాకు చెరువు పక్క ఫ్లాట్ ఉంది. దాని విలువ పెరిగితే అది మా తప్పా?)

కాదండీ. కష్టపడి కొనుక్కున్నారు. కానీ ఆ పెరిగిన విలువలో మీరు పెట్టింది ఎంత? చెరువు బాగుచేసిన డబ్బు అందరిదీ, ఇస్త్రీ ఆయన అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టిన పన్నూ అందులో ఉంది. ఏరియా బాగుచేసినందుకు స్థలాల వాళ్ల దగ్గర వసూలు చేసే బెటర్‌మెంట్ చార్జీలని మన నగరాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పార్కు చుట్టూ అదనపు అంతస్తుకి అనుమతి ఇచ్చేటప్పుడు వసూలు చేసేదాంట్లో కొంత, అదే వార్డులో తక్కువ కిరాయి ఇళ్లకి పెట్టమని అడుగుతాను. మీ ఫ్లాట్ జోలికి రాను.

(ప్రశ్న, వెనక వరుస నుంచి ఒకామె: సార్, మాది నది పక్క బస్తీ. సర్వేకొచ్చినోళ్లు ఓనరు పేరు రాస్కొని పోయిండ్రు. మేం పదకొండేండ్ల సంది కిరాయికుంటున్నం. మా పేరు రాయలే.)

కూర్చోండమ్మా, కూర్చుని చెప్పండి. మీ పేరు మీద ఆ అడ్రసుతో ఏం కాగితాలున్నాయి? కరెంటు బిల్లు?

(కరెంటు బిల్లు ఓనరు పేరు మీదనే వస్తది సార్.)

అందరికీ అంతే. గ్యాస్ బుక్కు?

(నల్లబజార్ల కొంటం సార్. బుక్కు లేదు.)

రేషన్ కార్డు ఏ అడ్రసు?

(ఊరి అడ్రసు.)

పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?

(గీడనే, సర్కారు బడి. పెద్దది ఎనిమిది.)

ఎప్పటి నుంచి అదే బడి?

(ఒకటో తరగతి నుంచి సార్.)

బడి రిజిస్టర్లో ఇంటి అడ్రసు రాస్తారు. ఎనిమిదేళ్లుగా మీరు అక్కడే ఉన్నారని సర్కారే తన చేత్తో రాసుకున్న కాగితం అది. రేపు సోమవారం. హెడ్‌మాస్టరుగారి దగ్గరికెళ్లి, పాప ఈ బడిలోనే చదువుతోందని అడ్రసుతో సహా బోనఫైడ్ సర్టిఫికెట్ అడగండి. నేనొక అర్జీ రాసిస్తాను, ఇక్కడే ఉండండి. ఎవరి దగ్గరైనా తెల్లకాగితం ఉందా?